పాషా డబ్బాలు

పోయిన వారం మెహబూబీని వాకిట్లో నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం నుంచి అక్కడే ఉంది. భుజానికి చేతిసంచి, చేతిలో బస్సు దిగగానే కొన్న జామకాయలు. గద్వాలలో నిరోష అద్దెకుండే ఒంటి గది వాకిలి అది. పిల్లకు ముందుగా చెప్పకుండా వచ్చి నవ్విద్దామనుకుని పెబ్బేరులో బస్సెక్కింది. వచ్చేసరికి నిరోష ఇంటివాళ్ల బర్రె కోసం పెట్టిన కుడితి గోలెం మీదికి వంగి ఉంది. మెహబూబీ పొద్దున్నే లేచి వండి, మూత బిగించి, బస్సులో పంపిన మామిడికాయ పప్పూ అన్నమూ ఆ గోలెంలోకి పోతున్నాయి. అడుగున అంటుకున్న మెతుకులను కూడా నిరోష వేలితో గీకి మరీ పారబోస్తోంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. మెహబూబీ భర్త గౌస్ పాషా పెబ్బేరు సంతలో తోపుడు బండి మీద ప్లాస్టిక్ సామాను అమ్మేవాడు. డబ్బాలు, మగ్గులు, జల్లెడలు. ఆయన పోయాక ఆమెకు మిగిలింది ఒక చిన్న ఇల్లు, ఆ ఇంట్లో ఒక గది నిండా అమ్ముడుపోని డబ్బాలు. పిల్లల్లేరు. నిరోష ఇటిక్యాల దిక్కు పిల్ల. పెళ్లయిన కొత్తలో మొగుడు జాన్‌తో మెహబూబీ ఇంట్లోనే పక్క గదిలో అద్దెకు దిగింది. రోజూ వనపర్తిలో బట్టల దుకాణానికి పోయి వచ్చేది. పొద్దున ఆమె బస్సుకు పరుగెత్తే వేళకు మెహబూబీ వేడివేడి అన్నం, కూర డబ్బాలో సద్ది కట్టి చేతిలో పెట్టేది. ఆ రోజుల్లోనే నిరోషకు రెండుసార్లు కడుపొచ్చి, నెలలు నిండకుండానే పోయింది. తర్వాత జాన్ బిల్డింగ్ పనులకని పుణె వెళ్లాడు, పండగలకు వచ్చి పోతుంటాడు. నిరోషకు గద్వాలలో చీరల కొట్టులో పని దొరికింది. మనిషి దూరమైనా సద్ది మాత్రం ఆగలేదు. వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సులో, కండక్టర్ సీటు పక్కన, తువ్వాల చుట్టిన డబ్బా రోజూ వస్తూనే ఉంది.

ఇప్పుడు మళ్లీ నిరోషకు మూడో నెల. దవాఖానలో డాక్టరమ్మ ఆమె ఏం తింటుందో, ఎందులో తింటుందో అడిగింది. విన్నాక ఆ డబ్బాలు మానెయ్యమంది. ఎందుకు మానెయ్యమందో పోయిన వారం చదివినవాళ్లకు తెలుసు, నిరోషకు తెలుసు. మెహబూబీకి తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

"ఏంది బిడ్డా, నా పప్పు బర్రెకు నచ్చిందా?" అంది మెహబూబీ.

నిరోష చేతిలోంచి డబ్బా జారి గోలెంలో పడింది. మునగలేదు. కుడితి మీద ఎర్రగా తేలుతూ ఉండిపోయింది.

"చాచీ! నువ్వెప్పుడొస్తివి?"

"వస్తి గద. జర ముందుగాల్నే వచ్చి ఉంటే బర్రెకు నేనే పోస్తుంటి. నీకు పని తప్పుతుండె."

వెటకారం మెహబూబీకి చేతనైన విద్య కాదు. సంతలో మొగుడు పక్కన కూర్చుని అంత కాలం సామాను అమ్మినా, గట్టిగా బేరమాడే వాళ్ల ముందు ఎప్పుడూ ఓడిపోయేది. ఇప్పుడు కూడా మాట అనేసి, తన మాట తనకే గుచ్చుకున్నట్టు మొహం పెట్టింది. వచ్చి అరుగు మీద కూర్చుంది. లోపలికి రమ్మని నిరోష రెండుసార్లు పిలిచింది. రాలేదు. స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి ఇస్తే పుచ్చుకుని పక్కన పెట్టింది, తాగలేదు.

"ఇయ్యాల ఒక్కనాడేనా? రోజు గిట్లనేనా?"

అబద్ధం ఆడడం నిరోషకు రాదు. ఈ కాలంలో ఇది పెద్ద లోపమే. కొట్టులో కూడా రంగు పోయే చీరను పోదని చెప్పలేక యజమానితో మాటలు పడుతూ ఉంటుంది. తల దించుకుంది.

"రోజు," అంది.

"ఎప్పటి సంది?"

"దవాఖానకు పోయొచ్చిన కాడికెళ్లి."

మెహబూబీ జామకాయలు అరుగు మీద పెట్టింది. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి "కూర ఎట్లుండె బిడ్డా?" అని అడిగిన మాటలన్నీ ఆమెకు గుర్తొచ్చి ఉంటాయి. "నీ చేతి వంటకేం చాచీ" అని నిరోష జవాబు చెప్పేది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ జవాబు కోసం మెహబూబీ పొద్దంతా ఎదురుచూసేది. రోజులో ఆమెతో ఒక మనిషి మాట్లాడేది ఆ ఒక్కసారే. మిగతా పొద్దు ఇల్లు ఊడ్చుకోవడం, డబ్బాల గది తలుపు తీసి గుమ్మంలో కాసేపు కూర్చోవడం, రేపు ఏం వండాలా అని ఆలోచించుకోవడం. అంత చిన్న ఇంట్లో అన్ని మూతల డబ్బాలున్నాయి కానీ, ఆమె నోరు విప్పి పలకరించడానికి ఒక్క మనిషి లేదు.

"లలితమ్మ చెప్పిందా?" అని అడిగింది చివరికి.

లలితమ్మ అంటే నిరోష అత్త.

"ఏం చెప్తది?"

"పిల్లలు లేనామె చేతి కూడు, కడుపుతోని ఉన్నోళ్లు తినొద్దని."

"అయ్యో చాచీ, గట్లనకు! మా అత్త ఏమన్లే."

"అనకున్నా నాకు ఎర్కనే గద."

ఎరుకే మరి. పెబ్బేరులో వాళ్ల వీధిలో ఏ ఇంట్లో సీమంతం జరిగినా పొయ్యి దగ్గర మెహబూబీ ఉండాల్సిందే. బగారన్నం ఆమె దింపితేనే దానికి వాసన. కానీ లోపల కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడిగే వేళ అయ్యేసరికి, పొయ్యిలో మంట చూసి వస్తానని పెరట్లోకి వెళ్లిపోయేది. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. ఎక్కడికి పోతున్నావని కూడా ఎవరూ అడగలేదు. ఆ అడగకపోవడం ఎంత నొప్పో అది పడ్డవాళ్లకే తెలుస్తుంది. అందరూ గాజులు తొడిగి బయటికి వచ్చాక, ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి వడ్డించడం మొదలుపెట్టేది.

"లేకపోతే తురకోళ్ల ఇంటి కూడనా? చెప్పు బిడ్డా, నేనేమనుకోను."

ఈ మాట నిరోషకు సూటిగా తగిలింది. కూలికి పోయిన చోట తన తల్లికి టీ వేరే గ్లాసులో పోసి ఇచ్చిన ఊళ్లో పుట్టిన పిల్ల ఆమె. ఆ గ్లాసును తల్లి కడిగి గోడ మీద బోర్లించి వచ్చేది. అట్లాంటి గ్లాసు తను ఇంకొకరి చేతికి ఇచ్చిందని ఎవరైనా అనుకుంటే తట్టుకోలేదు. అందులోనూ చాచీ.

"నా మీద ఒట్టు చాచీ, అట్లాంటిదేం లేదు."

"మరి ఏముంది?"

"చెప్పలేను."

"చెప్పరాదా, చెప్ప బుద్ధి గాదా?"

నిరోష గోలెం వైపు తిరిగింది. కుడితి గోలెంలో డబ్బా తేలుతూనే ఉంది. దాని మూత మీద ఒకప్పుడు ఉన్న పువ్వు బొమ్మ సగం చెరిగిపోయింది. ఎన్నిసార్లు మరిగే నీళ్లలో కడిగారో దాన్ని. బర్రె వచ్చి మూతి పెట్టి ఆ డబ్బాను పక్కకు నెట్టి పప్పన్నం తాగడం మొదలుపెట్టింది. ఆ జుర్రుకునే చప్పుడు ఇద్దరూ విన్నారు.

మెహబూబీ లేచింది. సంచి భుజానికి తగిలించుకుంది. జామకాయలు అరుగు మీదే ఉంచింది.

"సరే బిడ్డా. రేపటి సంది పంప. ఫోన్ గూడ చెయ్య. నీకు పిల్ల పుట్టినంక దూరం కెళ్లి గూడ చూడ. నా దిష్టి వద్దు ఆ పిల్లకు. మంచిగ ఉండు."

అరిచి ఉంటే నిరోష ఊరుకునేదేమో. ఏడ్చినా ఊరుకునేదేమో. కానీ ఆ మాటలు మెహబూబీ దీవించినట్టు అంది. అంటూ గేటు దాకా వెళ్లింది కూడా. నిజం చెబితే చాచీ ఇవాళ ఏడుస్తుంది. చెప్పకపోతే బతికినన్నాళ్లూ ఈ వాకిలిని తలుచుకుని ఏడుస్తుంది. నిరోష ముందుకు ఉరికి ఆమె చేయి పట్టుకుంది.

"డబ్బాలు చాచీ! నీ వంట గాదు, నువ్వు గాదు. డబ్బాలు!"

"ఏ డబ్బాలు?"

"నువ్వు సద్ది పెట్టి పంపుతవే, గవి."

"పాషా డబ్బాలా?" మెహబూబీ మొహంలో అనుమానం కంటే ఆశ్చర్యం ఎక్కువ కనిపించింది. "వాటికేమైంది? నేను మరిగిన నీళ్లతోని కడుగుత గద రోజు. ఒక్క మరక చూపెట్టు."

"మరక గాదు. వేడిది అండ్ల పోస్తే, నూనె, పులుపు తగిలితే, ప్లాస్టిక్‌ల కలిపే మందులు ఏవో కూట్లకు దిగుతయంట. కంటికి కనబడయి, రుచి గూడ తెల్వదు. అవి ఒంట్ల హార్మోన్లను గందరగోళం చేస్తయంట. కడుపుల పిల్లకు మంచిది గాదన్నది డాక్టరమ్మ. ఊరు పేరు లేని డబ్బాలైతే ఇంకా వద్దన్నది."

మెహబూబీ మెల్లగా వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఇందాక తాగని నీళ్లు ఇప్పుడు గటగటా తాగింది.

"నువ్వు ఒకపారి చెప్పినవు," అంది. "స్టీలు దాంట్ల పంపు చాచీ అని."

"చెప్పిన."

"నేను నవ్విన. స్టీలుది బస్సుల పోతే మళ్ల దొరకదు, పాషా ఇంటినిండ పెట్టిపోయిండు, అవి ఒడిసి అయిపోయేదెన్నడు అని నవ్విన. అప్పుడే కారణం చెప్తే ఏం పోతుండె?"

కారణం చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటో నిరోషకు తెలుసు. ఆ ప్రశ్నకు భయపడే ఇన్నాళ్లూ మంచి పప్పంతా బర్రెకు పోసింది. తను మాత్రం కొట్టు నుంచి వచ్చి, ఒక్క మనిషికి ఇంత అన్నం వండుకుని, గోడకు ఆనుకుని పచ్చడి మెతుకులు తినేది. చాచీ పప్పు వాసన చేతికి అంటి ఉండగా ఆ పచ్చడి మెతుకులు దిగేవి కావు. పుణె నుంచి జాన్ ఫోన్ చేస్తే తిన్నానని చెప్పేది. అది అబద్ధం కాదు, తినేది కదా.

ఆ ప్రశ్న రానే వచ్చింది. మెహబూబీ ముందు దాని చుట్టూ తిరిగింది.

"వేడిది పోస్తేనేనా?"

"వేడికి ఎక్కువ దిగుతయంట."

"నేను పొయ్యి మీదికెళ్లి దించి దించంగనే పోస్తుంటి. మూత బిగించి, మీద తువ్వాల చుట్టి. నువ్వు తినేదాక వేడి పోవద్దని."

"నాకు తెల్సు చాచీ."

"పెబ్బేర్ల ఉన్నప్పుడు గూడ గట్లనే కట్టిస్తుంటి."

"అవు."

"పులుపు అంటివి గద. నీకు పులుపంటే పాణమని రోజు చింతపులుసో మామిడికాయనో..." ఆమె మధ్యలో ఆగింది. చేతిలో ఖాళీ గ్లాసును అటూ ఇటూ తిప్పింది. "అయితే ముందుగాల పోయిన ఆ రెండు గూడ..."

"డాక్టరమ్మ అట్లనలే చాచీ!"

"మరెట్లన్నది?"

"నేను అడిగిన. దీనివల్లనేనా అని అడిగిన. చెప్పలేనన్నది. ఎందుకు పోతయో శానసార్లు ఎవరికీ తెల్వదంట. వంద కారణాలుంటయంట. ముందటివి దేనివల్ల పోయినయో ఎవరూ చెప్పలేరు, ఇప్పుడు మానుకునుడు మాత్రం మన చేతుల ఉన్నదన్నది. గంతే."

"చెప్పలేనన్నది. కాదనలే."

నిరోష నోరు తెరిచింది. కాదన్నది చాచీ అని ఒక్క మాట అంటే చాలు. చిన్న మాట. ఆ మాటకు ఎవరి సొమ్మూ పోదు. కళ్ల ముందు ఒక మనిషి కుంగిపోతుంటే ఆ మాత్రం అబద్ధం దేవుడైనా క్షమిస్తాడు. కానీ పుట్టి బుద్ధెరిగి అలవాటు లేని పని, అవసరానికి మాత్రం ఎట్లా వస్తుంది? నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. మెహబూబీ ఆ మూసుకోవడం చూసింది.

బర్రె గోలెం ఖాళీ చేసి పక్కకు పోయింది.

"నీకో మాట చెప్త," అంది మెహబూబీ. గొంతు మామూలుగానే ఉంది. "ఊరంతటికి నేను గొడ్రాలిని. గాదు బిడ్డా. నాకు గూడ నిలిచినయి. నిలిచి పోయినయి. ఒకటి గాదు. పాషాకు నాకు తప్ప ఎవరికీ తెల్వదు. చెప్తే ఇంకేదో అంటరని పాషా వద్దన్నడు. పిల్లలు గాని ఆడిది అంటే ఒక్కటే మాట అంటరు, పడతం. పోగొట్టుకునేదంటే రోజుకో మాట అంటరు. గట్లని ఊకున్నం."

నిరోష ఆమె పక్కన కూర్చుండిపోయింది. ఇన్నేళ్లు ఒకే గోడకు అటూ ఇటూ బతికారు. తనవి పోయినప్పుడు రెండుసార్లూ ఒళ్లు పట్టి, పథ్యం వండి పెట్టి, రాత్రంతా పక్కన కూర్చుంది చాచీ. నాకూ పోయాయి అని ఒక్కసారీ అనలేదు. ఎంతైనా లోపల మూసిపెట్టుకోగలదా మనిషి?

"అప్పటికే పాషా బండి పెట్టిండా?" అని అడిగింది నిరోష. అడిగాక నాలుక కరుచుకుంది.

"పెళ్లినాటికే పెట్టిండు. మా ఇంట్ల వేరే గిన్నె ఏడిది? అమ్ముడుపోనిదే మా వంటింట్లకు వస్తుండె. ఆయన గూడ అండ్లనే తినె. నాకు మంచిది ఏరి ఇస్తుండె, రంగు బాగున్నది." మెహబూబీ నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఆయన ప్రేమ గూడ అండ్లనే వచ్చె. నా ప్రేమ గూడ అండ్లనే పోయె."

నిరోష ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. మెహబూబీ ఏడవలేదు. పిల్ల వీపు నిమురుతూ గేటు వైపు చూస్తూ కూర్చుంది. ఆ చూపు నిరోషకు కనిపించి ఉంటే మనం ఈ వారం ఇక్కడితో ఆపేసేవాళ్లం.

బస్టాండు దాకా ఇద్దరూ నడిచారు. గోలెంలోంచి తీసిన డబ్బాను మెహబూబీ కడగకుండానే సంచిలో వేసుకుంది. బస్సు కదిలే ముందు కిటికీలోంచి చేయి బయటపెట్టింది.

"స్టీలు టిఫిన్ క్యారేజి ఉంది బిడ్డా ఇంట్ల. మా అమ్మ పెట్టింది, పెట్టెలనే ఉండిపాయె. రేపు అండ్ల పంపుత. తింటవా?"

"తింట చాచీ. ఒట్టు."

"ఆ డబ్బాలు ఇంకెవరి ఇంటికి పోవు. నేను చూసుకుంట."

గదికి తాళం పెట్టుకుంటుందని నిరోష అనుకుంది. పాషా గుర్తులు కదా, పారేయదు. తాళం పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది, అంతకన్నా ఏం చేస్తుంది అనుకుంది. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత ఆమెకు ఆకలి వేసింది. జామకాయ ఒకటి కడుక్కుని తిని, రేపటి సద్దిలో ఏముంటుందా అని ఆలోచిస్తూ పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కొట్టులో అడిగి ముందుగానే బస్టాండుకు వచ్చింది. వనపర్తి బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ మాలతి దిగుతూనే చేతులు తిప్పింది.

"ఇయ్యాల లేదక్కా. మీ బీబమ్మ రోడ్డు మీదికి రాలే. జరసేపు ఆపిన గూడ, రాలే."

"రాలేదా?"

"ఎండ గాని, వాన గాని, తప్పక వస్తుండె గద. పానం బాగలేదేమో, ఫోన్ చెయ్యరాదు."

ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఈసారీ అంతే. కోపం వచ్చిందేమో అనుకుంది ముందు. కాదు, చాచీకి కోపం వస్తే ఫోన్ ఎత్తి మాట్లాడకుండా కూర్చుంటుంది, ఎత్తడం మాత్రం మానదు. ఆలోచిస్తుండగానే అదే బస్సు తిరిగి బయల్దేరబోయింది. నిరోష ఎక్కేసింది. కొట్టుకు ఫోన్ చేసి చెప్పాలన్న సంగతి కూడా ఎర్రవల్లి చౌరస్తా దాటాక గుర్తొచ్చింది. బస్సు కృష్ణ మీద వంతెన ఎక్కింది. కిటికీ ఊచ పట్టుకుని కళ్లు మూసుకుంది. కడుపు మీద చేయి వేసుకుని, ఏం లేదు, ఏం లేదు అనుకుంది. ఎవరికి చెప్పుకుందో ఆమెకే తెలియదు.

పెబ్బేరులో ఆ రోజు సంత. ఎడ్లు, బర్రెలు, ఆటోలు, మనుషులు అన్నీ రోడ్డు మీదే. వాటిని దాటుకుని మెహబూబీ వీధిలోకి తిరిగేసరికి వీధి ఖాళీగా ఉంది. సంత రోజు ఇక్కడ ఇంటి పట్టున ఎవరుంటారు? ముసలివాళ్లు కూడా అక్కడికే పోతారు. వీధి మొదట్లోనే ఆమెకు వాసన తగిలింది. చెప్పులు కాలినట్టు, వైరు కాలినట్టు, గొంతులో కారం పోసినట్టు. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. మెహబూబీ ఇంటి వెనక నుంచి నల్లటి పొగ లేస్తోంది. కట్టెల పొగ అట్లా ఉండదు.

గేటుకు లోపలి నుంచి గడియ. గేటు పక్కన అరుగు మీద స్టీలు టిఫిన్ ఉంది. మూడు గిన్నెల టిఫిన్, తువ్వాల చుట్టి, పైన ముడి వేసి. నిరోష తాకి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది. అంటే పొద్దున్నే వండింది. సర్దింది. బస్సుకు ఇచ్చి వద్దామని ఇక్కడ పెట్టింది. బస్సు వచ్చేలోపల ఈ పని కూడా ఒక దరికి చేర్చుదామనుకుంది. చాచీ ఎప్పుడూ అంతే, ఒక చేత్తో రెండు పనులు.

గోడ మీంచి, ఇంటి పక్క ఖాళీలోంచి చూసింది. పెరట్లో మంట. మంట చుట్టూ కరిగి ముద్దలైన డబ్బాలు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నీ కలిసి నల్లగా నేల మీద కారుతున్నాయి. వాటి ముందు మెహబూబీ గొంతుక్కూర్చుని ఒక్కొక్క డబ్బానూ చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి మరీ, మంటలో వేస్తోంది. కొంగుతో మూసుకోవాల్సిన ముక్కును వదిలేసింది. నిన్న నిరోషకు పనికిరాదన్న విషమంతా ఇప్పుడు ఆమె పీలుస్తోంది. డబ్బాలోని మందు కూట్లోకి దిగితే చెడ్డదని చెప్పినదాన్ని, కాలిస్తే ఇంకా చెడ్డదని చెప్పలేదే అని నిరోషకు అప్పుడు తట్టింది.

"చాచీ! ఏం చేస్తున్నవ్? లే అక్కడికెళ్లి! ఆ పొగ పీల్చొద్దు!"

మెహబూబీ తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగకో, రాత్రి ఏడుపుకో.

"నువ్వెందుకొస్తివి?" అని అరిచింది. దగ్గు వచ్చింది. దగ్గుతూనే చేయి ఊపింది. "రాకు! ఆడనే ఉండు బిడ్డా, నీకు పొగ తగుల్తది! టిఫిన్ తీస్కొని పో! ఒక్క గదే గద, ఒడవ వచ్చింది, ఇంకొన్నే ఉన్నయి!"

"నువ్వు ముందు బయటికి రా!"

"ఊళ్ల పిల్లలు అడిగి తీస్కపోతరు బిడ్డా, తెల్వక. నాతోనే ఒడవాలె."

లేచింది. తూలింది. గోడ పట్టుకుంది. పెరటి వైపు డబ్బాల గదిలో పేర్చి ఉన్న దొంతర కోసం లోపలికి నడిచింది. అంతలో గాలి తిరిగింది. మంట మీంచి లేచిన నిప్పురవ్వ ఏదో గుమ్మంలోకి ఎగిరింది. ముందు చిన్న వెలుతురు కనిపించింది. తర్వాత గుమ్మంలోంచి కూడా అదే నల్లటి పొగ, పెరట్లో పొగతో కలిసి, ఇల్లంతా కమ్మేసింది.

"చాచీ!"

జవాబుగా దగ్గు వినిపించింది.

నిరోష వీధి అటు చూసింది, ఇటు చూసింది. మనిషి లేడు. దూరంగా సంతలో బేరాల అరుపులు, మైకులో పాటలు. ఆమె కేక అంత దూరం పోదు. గడియ అందుతుందేమోనని గేటు ఊచల్లోంచి చేయి పెట్టి చూసింది. అందలేదు. గోడ నడుమెత్తే ఉంది. మామూలు రోజైతే ఒక్క గంతు. పొగ గోడ దాటి ఆమె మీదికి వచ్చింది. ఒక చేయి కడుపు మీదికి పోయింది. ఈ కడుపు కోసమే కదా ఇదంతా. ఈసారి నిలవాలనే కదా పప్పు పారబోసింది, నిజం చెప్పింది, చాచీని ఏడిపించింది. దూరంగా ఉండమని డాక్టరమ్మ చెప్పినదంతా ఇప్పుడు ఆ గోడకు అవతల మండుతోంది. అక్కడే చాచీ ఉంది.

నిన్న రాని మాట అప్పుడు వచ్చింది. ఎట్లా వచ్చిందో తెలియదు. గొంతు చించుకుని అరిచింది.

"డాక్టరమ్మ ఫోన్ చేసింది చాచీ! నేను మళ్ల అడిగిన! కాదన్నది! మన డబ్బాల వల్ల గాదన్నది! నీ తప్పేం లేదంట చాచీ, ఇంటున్నవా? నీ తప్పేం లేదంట! బయటికి రా!"

పుట్టి పెరిగాక నిరోష ఆడిన మొదటి అబద్ధం అది. ఎంత బాగా ఆడిందంటే, విన్నవాళ్లెవరైనా నమ్మేవాళ్లు.

లోపలి నుంచి జవాబు రాలేదు. ఈసారి దగ్గు కూడా వినిపించలేదు.

నిరోష స్టీలు టిఫిన్‌ను అరుగు మీద జాగ్రత్తగా వెనక్కి జరిపి, చున్నీ ముక్కుకు బిగించి కట్టుకుని, గోడ మీద రెండు చేతులూ వేసింది.